అక్క బీటు, పక్క బీటు

అక్క నడుస్తుంది, చెల్లెలు గీస్తుంది. ఇద్దరికీ జీతమిచ్చేది ఒకే శాఖ. అయినా ఒకరి పని ఎలా ఉంటుందో ఇంకొకరికి సరిగ్గా తెలియదు.

అక్క నర్సు. ఆసుపత్రిలో కూర్చునే నర్సు కాదు, మందుల పెట్టె భుజాన తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగే నర్సు. ఏ నర్సు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా తిరగాలో హద్దులు వేసి ఇచ్చారు. దాన్ని బీటు అంటారు. ఆ హద్దుల్ని కంప్యూటర్లో గీసి, ఒక్కో బీటు వైశాల్యం ఎంతో పట్టికలో ఎక్కించడం చెల్లెలి ఉద్యోగం. సాయంత్రానికి అక్కకి పాదాలు వాస్తాయి, చెల్లెలికి కళ్ళు మండుతాయి. ఇద్దరూ ఇంటికొచ్చి చెరో కుర్చీలో కూలబడితే, ఇక పలకరిస్తే పాపం అన్నట్టుంటుంది.

"ఒకతె కాళ్ళంటుంది, ఒకతె కళ్ళంటుంది. మధ్యలో రెండు పూటలా వండే దానికి ఒళ్ళే లేదనుకుంటారు కాబోలు" అంటుంది అమ్మ. అని ఊరుకోదు. వేణ్ణీళ్ళలో ఉప్పు వేసి తొట్టి తెచ్చి అక్క ముందు పెడుతుంది.

ఆ రోజు అక్క కాళ్ళు తొట్టిలో పెట్టి నీళ్ళ వంక చూసింది. తర్వాత చెల్లెల్ని అడిగింది.

"ఏటికి పైన నాలుగు బీట్లని రెండేసి చేశారటగా?"

"అవునక్కా. పోయిన నెలలోనే."

"మరి ఏటికి కింద?"

"ఈ వారంలో జాబితా ఇవ్వాలి. అరవై చదరపు కిలోమీటర్లు దాటిన బీటు ఉంటే రెండు చేసి, రెండో సగానికి కొత్త నర్సుని వేస్తారు. కాకపోతే ఈ ఏడాది మన వైపుకి వచ్చేది ఒక్కరే."

"నాది ఎంత?"

చెల్లెలు వెంటనే చెప్పలేదు. అంకె తెలియక కాదు. "యాభై ఏడు" అంది చివరికి.

అక్క తొట్టిలోంచి ఒక కాలు బయటికి తీసింది. "ఏటికి పైన రెండో బీటు ఎంత?"

"అరవై ఒకటి."

"చూడవే, అక్కడి సిస్టరు కాన్పుకి వెళ్ళినప్పుడు ఆ బీట్లో ఒక వానాకాలమంతా నేనే చేశాను. పొద్దు వాలకముందే ఇంటికొచ్చేదాన్ని. నీకు గుర్తుందా అమ్మా, అప్పుడు నేను కుట్టుపని కూడా మొదలుపెట్టాను. అది నా బీటు కంటే పెద్దదెలా అయింది?"

"ఏమో. దాన్ని కొలిచింది మా ఆఫీసులో స్కేలుగారు."

"నాదెవరు కొలిచారు?"

"నేను."

అక్క చెల్లెల్ని ఎగాదిగా చూసింది. "బయటివాడు కొలిస్తే అరవై ఒకటి, సొంత చెల్లెలు కొలిస్తే యాభై ఏడు. బాగుందమ్మా."

"చిన్నప్పుడూ అంతేగా" అంది అమ్మ వంటగదిలోంచి. "పంచమంటే ముందు నీకు తక్కువ వేసేది, నువ్వు ఏడిస్తే తనకీ తగ్గించుకునేది. చివరికి గిన్నెలో మిగిలిందంతా నా మొహాన పడేది."

చెల్లెలు నవ్వబోయి మానేసింది. అక్క మొహంలో నవ్వు లేదు. అలిసిపోయిన మనిషి కోపం తెచ్చుకోవడానికి కూడా కాస్త ఓపిక దాచుకోవాలి, అక్క దగ్గర అదీ లేదు.

"ఒకటి చెప్పు. కొండ ఎక్కేదీ దిగేదీ మీ లెక్కలో ఉంటుందా?"

"ఉండదక్కా. పైనుంచి చూస్తే ఎంత కనిపిస్తుందో అంతే."

"అంటే బీట్లు పక్షులకి పంచారన్నమాట" అంది అక్క. కాలు మళ్ళీ నీళ్ళలో పెట్టి, కళ్ళు మూసుకుంది. "ఈ ఏడు కూడా నా బీటు రెండు కాకపోతే నా వల్ల కాదే. మోకాళ్ళు ఇంక మాట వినవని డాక్టరుగారు చెప్పేశారు. ఉద్యోగం మానేస్తే ఇల్లెలా గడుస్తుందో నీకూ తెలుసు. మానకపోతే నేనెలా గడుస్తానో నాకే తెలియట్లేదు."



*

ఆఫీసులో వాళ్ళ గది చిన్నది. కిటికీకి వేసిన పలకల తెర ఒక పక్క తెగి, వంకరగా వేలాడుతుంది. ఆ సందులోంచి పొద్దున పడే ఎండ చెల్లెలి కంప్యూటరు తెర మీదికి వస్తుందని ఆవిడ దానికి ఒక పాత క్యాలెండరు అట్ట అడ్డం పెట్టుకుంది. గదిలో నాలుగు బల్లలున్నా పనిచేసేది ఇద్దరే. ఒకరు ఆవిడ, ఇంకొకరు స్కేలుగారు.

ఆయన్ని స్కేలుగారు అనడానికి కారణం ఉంది. కాగితాల మీద పటాలు గీసే రోజుల నుంచి ఆయన ఆ గదిలోనే ఉన్నారు. కంప్యూటర్లు వచ్చి ఇన్నేళ్ళయినా చొక్కా జేబులో స్టీలు స్కేలు పెట్టుకునే వస్తారు, అప్పుడప్పుడు తెర మీద ఆనించి కొలిచి తల ఆడిస్తారు. ఎవరైనా నవ్వితే, "అలవాటమ్మా. మీ తాతయ్యలు చేతికర్ర వదుల్తారా?" అంటారు. ఆవిడకి పని నేర్పింది ఆయనే. ఆయన నేర్పిన మొదటి పాఠం ఒకటుంది: ఒక్కదాన్ని ఎప్పుడూ ఒంటరిగా కొలవకూడదు. ఏ ముక్క కొలిచినా దాని పక్క ముక్కనీ కొలవాలి. రెండూ సరిగ్గా ఉంటే మెషిన్ మత్తులో లేదని అర్థం. చెల్లెలికి ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, కూరగాయలు తూచినా పక్కనున్నవి కూడా తూచి చూస్తుంది.

ఆ గదిలో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఎవరు గీసిన బీటుని వాళ్ళే, వాళ్ళ మెషిన్ మీదే కొలుస్తారు. ఏటికి పైనవి ఆయనవి, కిందవి ఆవిడవి. ఒకరి అంకెల్లో ఒకరు వేలు పెట్టరు. అది మర్యాద.

మర్నాడు పొద్దున ఆవిడ మర్యాద తప్పింది. ఏటికి పైన రెండో బీటు హద్దుని తన మెషిన్‌లోకి తెచ్చుకుని కొలిచింది.

యాభై ఆరుకి కాస్త తక్కువ వచ్చింది.

తనే ఏదో తప్పు చేసిందనుకుని మళ్ళీ తెచ్చుకుంది. అదే హద్దు, అవే మలుపులు. అంకె కూడా అదే. కళ్ళు నులుముకుని, లేచి వెళ్ళి ఆయన బల్ల పక్కన నిలబడింది.

"మావయ్యగారూ, మా అక్క బీటు ఒకసారి మీ దాంట్లో కొలవండి."

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "నీ బీటు నా దాంట్లోనా? ఎందుకమ్మా, నీ మెషిన్‌కి జ్వరమొచ్చిందా?"

"కొలవండి, చెప్తాను."

ఆయన కొలిచారు. అరవై రెండున్నర.

ముందు ఆయనే తేరుకున్నారు. "ఓ, అదా" అన్నారు, ఎప్పటి నుంచో ఎరిగిన చుట్టం ఎదురైనట్టు. "నాది పాత సాఫ్ట్‌వేర్ కదా."

"పాతదైతే భూమి పెరుగుతుందా?"

"ఇలా కూర్చో. నువ్వు చొక్కా ఇస్త్రీ చేస్తావా? వెనక భాగం బల్ల మీద పరిస్తే బుద్ధిగా పడుకుంటుంది. భుజం దగ్గరికొచ్చేసరికి? అది గుండ్రంగా కుట్టింది. చదునుగా పరవాలంటే ఎక్కడో ఒకచోట లాగాలి. లాగితే సాగుతుంది. భూమీ అంతే. గుండ్రటిదాన్ని తెర మీద పరవడానికి లాగి పెట్టారు. నా పాతది, సాగదీసిన గుడ్డని ఎలా ఉన్నదాన్ని అలా కొలుస్తుంది. నీ కొత్తది భుజం వంపు ఎంతో లెక్క కట్టి, సాగింది తీసేసి చెప్తుంది. మన ప్రాంతంలో నూటికి తొమ్మిదీ పదీ మధ్య సాగుతుంది. ఎక్కడైనా మరీ ఉత్తరానికి పోతే ఒకటి రెండవుతుంది."

"మీకు తెలుసా ఇదంతా?"

"తెలుసు."

"తెలిసి మరి..."

"అన్నీ ఒకే మెషిన్ మీద కొలిచినంతకాలం ఇబ్బందేముంది? అందరికీ ఒకేలా సాగుతుంది. నీకు కొత్తది ఇచ్చారు, నాకు ఇస్తానంటే నేనే వద్దన్నాను. ఇద్దరి అంకెలూ ఒకే పట్టికలో పక్కపక్కన కూర్చుంటాయని ఎవరికి తోచింది? నాకూ తోచలేదు." ఆయన స్కేలు తీసి బల్ల మీద పెట్టారు. గొంతు తగ్గించారు. "ఆ మాటకొస్తే, అసలు ఆ అరవై ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నావు?"

"పైనుంచి వచ్చిందిగా."

"పైనుంచీ కాదు, కిందనుంచీ కాదు. ఈ కుర్చీలోంచి. చాన్నాళ్ళ కిందట ఒక నర్సమ్మ దారి మధ్యలో కూర్చుండిపోయి, ఇంక లేవనంది. లేవలేదు. అప్పటి ఆఫీసరుగారు వచ్చి, ఆవిడ బీటు ఎంతో కొలిచి చెప్పవయ్యా, ఒక మనిషి వల్ల కానిదేదో అదే హద్దు అన్నారు. కొలిచాను, అరవై వచ్చింది. రాసుకుని పోయారు."

"అంటే అది మీ మెషిన్ అరవై."

"నా మెషిన్ అరవై. నీ దాంట్లో అయితే యాభై అయిదు ఉంటుందేమో."

చెల్లెలు తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది. అక్క కాళ్ళు చెప్పింది నిజమే. ఏటికి పైన బీటు చిన్నదే. చిన్నదాన్ని రెండు చేశారు, పెద్దదాన్ని అలాగే ఉంచారు. ఏ దొంగా లేడు, ఎవరూ కావాలని చేయలేదు. రెండు మెషిన్లు రెండు గుడ్డల్ని కొలిచాయి, అంతే.

స్కేలుగారు కుర్చీ జరుపుకుంటూ దగ్గరికొచ్చారు. "ఇందులో ఇంత ఆలోచించేదేముంది తల్లీ? మీ అక్క బీటుకి నా అంకె వేసెయ్. అరవై రెండున్నర. అబద్ధం కాదుగా? ఏటికి పైవాళ్ళ నలుగురికీ ఏ మెషిన్‌తో కొలిచారో మీ అక్కకీ దాంతోనే కొలిచాం. ఒక్కరే కొత్త నర్సు, మీ అక్క ఒక్కతే అరవై దాటింది. పాము చావదు, కర్ర విరగదు అంటారే, అసలు పామే లేదు ఇక్కడ."

మాట చాలా తియ్యగా ఉంది. చెల్లెలు పట్టిక తెరిచింది. అక్క బీటు ఎదురుగా ఉన్న యాభై ఏడుని చెరిపి అరవై రెండున్నర వేసింది. చూడ్డానికి బాగుంది. తొట్టి, వేణ్ణీళ్ళు, అమ్మ సణుగుడు, అన్నీ సగానికి సగం తగ్గినట్టనిపించింది.

అక్కడితో లేచిపోతే సరిపోయేది. కానీ చెయ్యి ఊరుకోలేదు. ఆయన మెషిన్ ఇంకా తెరిచే ఉంది. ఒంటరిగా కొలిచానే అని మనసులో ఎక్కడో గుచ్చుకుంది. వెళ్ళి, అక్క బీటుకి పక్కనున్న వాగు అవతలి బీటుని కూడా తెచ్చి నొక్కింది.

అరవై నాలుగున్నర దాటింది.

"అయ్యో, అదెందుకు నొక్కావు?" అన్నారు స్కేలుగారు నిజంగా బాధపడుతూ.

"మీరే కదా చెప్పారు, పక్కది కూడా కొలవాలని."

"నేను లక్ష చెప్తాను! అన్నీ వినాలా?" ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడుచుకోవాల్సినంత దుమ్మేమీ లేదు. "సరే, చూశావు. చూడలేదనుకో."

వాగు అవతలి బీటు ఇంకో నర్సుది. ఆవిడ మాట మొదలుపెడితే ఏ స్టేషన్లోనూ ఆగదని అందరూ రైలు సిస్టర్ అంటారు. అక్కకి స్నేహితురాలే. చెల్లెలి పట్టికలో ఆ బీటు యాభై తొమ్మిది, అక్కది ఇప్పుడు అరవై రెండున్నర. చిన్నది పెద్దదైంది, పెద్దది చిన్నదైంది. ఏటికి పైన జరిగిందే ఇక్కడా జరగబోతోంది. కాకపోతే ఈసారి చేస్తున్నది మెషిన్ కాదు.

మధ్యాహ్నం భోజనం డబ్బా తెరిచి, మళ్ళీ మూసేసింది. మొహం కడుక్కుని వచ్చింది. అరవై రెండున్నర అలాగే ఉంది. చెరిపింది. యాభై ఏడు వేసింది. మళ్ళీ చెరిపి ఖాళీగా ఉంచింది. అవునంటే ఒక తంటా, కాదంటే ఇంకో తంటా. ఆవిడకి ఎవరినైనా తిట్టాలనిపించింది గానీ, తిట్టడానికి తగిన మనిషి కనబడలేదు. భూమిని చదునుగా చేసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు కదా అనుకుంది.

ఆఫీసరమ్మ గుమ్మంలోంచి తల పెట్టి, "జాబితా అయిందా?" అంది.

"ఇంకా లేదు మేడమ్" అన్న నోటితోనే, "ఒక మాట చెప్పాలి మేడమ్" అనేసింది. అనేశాక వెనక్కి తీసుకోవడానికి లేదు. స్కేలుగారు స్కేలు జేబులో పెట్టుకుని, టీకి వెళ్తున్నట్టు లేచి, వెళ్ళకుండా గుమ్మం దగ్గరే ఆగారు.

ఆఫీసరమ్మ తన గదికి పిలిచి అంతా విన్నది, స్కేలుగారూ వెనకే వచ్చారు. ఆవిడ బల్ల మీద మూడు ఫోన్లు, ఒక తలనొప్పి మాత్రల డబ్బా ఉన్నాయి. మధ్యలో రెండు ఫోన్లు మోగినా ఎత్తలేదు. విన్నాక నుదురు రుద్దుకుంది.

"ఇప్పుడు చెప్తావా ఇది? ఆ నాలుగు బీట్లూ రెండేసి చేసేశాం. వాళ్ళకి కొత్త నర్సులు చేరిపోయారు. వెనక్కి పంపమంటావా?"

"వద్దు మేడమ్. వాళ్ళవి కూడా నిజంగా పెద్దవే. హద్దు ఒక్కటే మారాలి. అరవై అనేది పాత మెషిన్ అరవై. కొత్తదాని మీద అది యాభై అయిదుకి లోపే. అన్నీ కొత్తదాని మీదే కొలిచి, హద్దు యాభై అయిదు పెడితే ఎవరికీ అన్యాయం జరగదు."

"యాభై అయిదు పెడితే ఏటికి కింద ఎన్ని బీట్లు దాటుతాయి?"

"మూడు."

"మనిషి ఒక్కరే."

"తెలుసు మేడమ్."

ఆఫీసరమ్మ స్కేలుగారి వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తూ, "అమ్మాయి చెప్పింది నిజమేనండీ" అన్నారు.

"మూడింటిలో పెద్దది ఏది?"

"వాగు అవతలిది. యాభై తొమ్మిది."

"మీ అక్క కూడా నర్సే కదూ. ఆవిడది ఉందా ఇందులో?"

"ఉంది. రెండోది."

ఆఫీసరమ్మ పెన్ను తీసింది. కాగితం మీద ఏదో గీసి, కొట్టేసి, మళ్ళీ గీసింది. "పెద్దదానికే ఇవ్వాలి. నాకు వేరే దారి లేదు. మిగతా రెండింటికీ ఇంకో ఇద్దరు కావాలని పైకి రాస్తాను. వస్తారని మాత్రం నేను మాటివ్వను, నాకు ఎవరిస్తే నేను నీకివ్వాలి?" అంది. ఆగి, "వెళ్ళి టీ తాగు. మొహం పీక్కుపోయింది" అంది.

చెల్లెలు టీ తాగలేదు. మిగతా బీట్లన్నీ వరసపెట్టి కొలుస్తూ కూర్చుంది. స్కేలుగారు తన బీట్ల హద్దులన్నీ ఆవిడ మెషిన్‌లోకి పంపించి, "నా పిల్లలు. జాగ్రత్తగా చూడు, అందరూ చిక్కిపోతారు" అన్నారు.

*

ఇంట్లో ఎలా చెప్పాలా అని దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. ఆ శ్రమ అక్కర్లేకపోయింది. గుమ్మంలో అడుగు పెట్టేసరికే అక్క ఫోన్‌లో ఉంది. రైలు సిస్టర్ గొంతు గదంతా వినబడుతోంది.

"నమ్మలేకపోతున్నానమ్మా సిస్టరూ! నా బీటు రెండు ముక్కలు చేస్తున్నారట! ఇప్పుడే కబురొచ్చింది. మీ చెల్లెలే కనిపెట్టిందటగా, ఏదో మెషిన్ తేడా అట. దేవతమ్మా అది, బంగారం! ఇంక నేను మధ్యాహ్నం భోజనం కూర్చుని తింటాను, తెలుసా? ఇన్నాళ్ళూ నడుస్తూ తిన్నానా, ఆ మధ్య ఒక కుక్క..."

"మంచిదే" అంది అక్క. "చాలా సంతోషం." మళ్ళీ, "అవును, మా చెల్లెలే" అంది. కుక్క సంగతి అంతా విని, "ఉంటాను" అని ఫోన్ పెట్టేసింది.

తొట్టి ముందే ఉంది. అక్క అందులో కాళ్ళు పెట్టలేదు.

"కూర్చో" అంది. "నాది పెద్దదే అని తేలిందా, లేదా?"

"తేలింది."

"అయినా నాకు రాలేదు."

"ఆవిడది ఇంకా పెద్దది అక్కా."

"ఆ సంగతి ఎవరు చెప్పారు వాళ్ళకి?"

చెల్లెలు భుజాన ఉన్న సంచి తీసి కింద పెట్టింది.

"నిన్ను అడిగారా? దాని బీటు కొలవమని ఎవరైనా అడిగారా నిన్ను?"

"లేదు. మామూలుగా... పక్కది కూడా కొలుస్తాం."

"మామూలుగా!" అక్క నవ్వింది. ఆ నవ్వు కంటే నాలుగు తిట్లు మేలు. "నా ఒక్కదానిది కొలిచి చూపిస్తే అయిపోయేది. అందులో అబద్ధమేం లేదు కదా?"

"అబద్ధం కాదు. స్కేలుగారూ అదే అన్నారు."

"ఆయనకున్నపాటి ప్రేమ నీకు లేకపోయింది." అక్క చేత్తో మోకాలి చిప్ప పట్టుకుంది. గొంతు పెద్దది చేయలేదు. "నీతులన్నీ నువ్వు కుర్చీలో కూర్చుని పాటిస్తావు. అవి మాత్రం నా కాళ్ళ మీద నడుస్తాయే."

అమ్మ వంటగది గుమ్మంలో గరిట పట్టుకుని నిలబడింది. వచ్చి తొట్టిలో నీళ్ళు చల్లారాయా అని వేలు పెట్టి చూసి, మళ్ళీ వెళ్ళిపోయింది.

"నీ అంకె మార్చేశాను అక్కా" అంది చెల్లెలు. "నిజంగా వేసేశాను, అరవై రెండున్నర అని. తర్వాత ఆవిడది చూశాను. చూశాక ఎలా ఉంచను?"

"చూడకపోతే?"

"ఉంచేదాన్నే."

అక్క తొట్టిని కాలితో పక్కకి నెట్టింది. లేచి లోపలికి వెళ్ళి, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ పూట ఆ ఇంట్లో ముగ్గురూ విడివిడిగా తిన్నారు.

*

తెల్లవారి అక్క ఎప్పటికంటే ముందే బయల్దేరింది. చెల్లెలు ఆఫీసుకి ఫోన్ చేసి సెలవు అడిగి, చెప్పులు మార్చుకుని, వెనకే పరిగెత్తింది. ఎందుకు వెళ్తోందో ఆవిడకే సరిగ్గా తెలియదు. క్షమించమని అడగడానికి కాదు, చేసిన పని తప్పని అనిపించలేదు. ఒప్పని చెప్పుకోవడానికీ కాదు. అక్క ఒక్కతే వెళ్ళడం చూడలేకపోయింది, అంతే.

బస్సులో ఇద్దరూ చెరో సీట్లో కూర్చున్నారు. దిగాక అక్క ముందు, చెల్లెలు వెనక. రోడ్డు కాస్తా బాట అయింది, బాట కాస్తా రాళ్ళయింది. ఆ రాళ్ళ మధ్య ఎక్కడ అడుగు వేయాలో అక్క కాళ్ళకి తెలుసు. చెల్లెలికి తెలియక రెండుసార్లు కాలు మడత పడింది. అక్క వెనక్కి చూసి, మళ్ళీ నడిచింది. చెల్లెలు పెట్టె అందుకోబోతే ఇవ్వలేదు.

తెర మీద ఈ చోటు లేతాకుపచ్చగా, నున్నగా ఉంటుంది. వేలితో ఒక్క గీత గీస్తే అవతలి కొసకి చేరిపోవచ్చు. ఇక్కడ మొదటి ఇల్లు కనబడేసరికే చెల్లెలికి ఊపిరి అందలేదు.

ఆ ఇంట్లో ఒక ముసలావిడ ఎండలో ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఉంది. అక్కని చూడగానే చెయ్యి చాపి, రక్తపోటు చూడ్డానికి తనే జాకెట్టు చెయ్యి పైకి లాగేసుకుంది. ఇన్నేళ్ళ అలవాటు. అక్క పట్టీ చుట్టి గాలి కొడుతుంటే, ఆవిడ చూపు చెల్లెలి మీద పడింది.

"ఈ పిల్లెవరమ్మా?" అంది. మొహం విప్పారింది. "కొత్త నర్సా? నీకు తోడొచ్చిందా? అబ్బ, పోనీలే, ఇన్నాళ్ళకైనా..."

అక్క గాలి కొట్టడం ఆపలేదు. "కొత్త నర్సు కాదు పిన్నీ. కొత్త నర్సు రాకుండా చేసిన పిల్ల. మా చెల్లెలు."

ముసలావిడకి సగమే వినబడినట్టుంది. "చెల్లెలా! మంచిది, మంచిది. నిలబడింది పాపం, కూర్చోబెట్టవే. నీకంటే అదే ఎక్కువ అలిసిపోయినట్టుంది చూడు."

అక్క చెల్లెలి వంక చూసింది. చెమటకి జుట్టంతా నుదుటికి అతుక్కుపోయి, ఒక చెప్పు పట్టీ తెగి, గుమ్మం పట్టుకుని ఒంటికాలి మీద కొంగలా నిలబడి ఉంది. నిన్నటి నుంచి బిగబట్టిందంతా ఎక్కడో సడలి, అక్కకి నవ్వొచ్చింది. నవ్వు మింగబోయి మింగలేక, పట్టీలో గాలి వదిలేసింది.

"నీ వల్ల లెక్క పోయింది. మళ్ళీ కొట్టాలి" అంది చెల్లెలితో. కోపం పోలేదు గానీ, గొంతు మామూలుదే.

ముసలావిడకి మాత్రలిచ్చి, ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పి, మళ్ళీ చెప్పించుకుని అక్క లేచింది. లేస్తూ గోడ పట్టుకుంది. చెల్లెలు అది చూసింది. తెగిన పట్టీని ఒక తాడు ముక్కతో కట్టుకుని, ఈసారి అడక్కుండానే పెట్టె అందుకుని భుజాన వేసుకుంది. అక్క వద్దనలేదు.

ఇంటి వెనక నుంచి బాట నేరుగా పైకి పోతోంది. చెల్లెలు తలెత్తి చూసింది. చివర ఎక్కడుందో కనబడలేదు.

"ఇది ఎక్కడి దాకా అక్కా?"

"గీసింది నువ్వే కదే" అంది అక్క, నడుస్తూనే. "నన్నడుగుతావేం?"